సంచిలో ఎవరి పేర్లు? ఫ్లోరెన్స్ రిపబ్లిక్ ఒక కుటుంబం చేతికి ఎలా వెళ్లింది

1434 నుంచి 1494 దాకా ఫ్లోరెన్స్ నగరాన్ని మెడిచీ కుటుంబం నడిపించింది. ఇది చరిత్ర పుస్తకాల్లో అందరూ చదివే మాటే. అయితే ఆ అరవై ఏళ్లలో వాళ్లలో ఒక్కరికీ కిరీటం లేదు, రాజు అన్న బిరుదూ లేదు. ప్రభుత్వానికి అధ్యక్షుడి లాంటి పదవి ఒకటి ఉండేది. ఒకసారి ఎంపికైతే దాని గడువు రెండు నెలలు. కోసిమో మెడిచీ ముప్పై ఏళ్లు చక్రం తిప్పి, ఆ పదవిలో కూర్చున్నది మూడంటే మూడుసార్లు. ఆయన మనవడు లోరెంజో ఒక్కసారి కూడా కూర్చోలేదు. దానికి 45 ఏళ్లు నిండాలి, ఆయన 43 ఏళ్లకే చనిపోయాడు.

అంటే నగరం కాగితం మీద చివరిదాకా రిపబ్లిక్కే. సభలు జరిగాయి, ఓట్లు పడ్డాయి, రెండు నెలలకోసారి కొత్త ప్రభుత్వం వచ్చింది. అయినా పెత్తనం ఒక్క ఇంట్లోనే ఉంది. మధ్యయుగం ముగిసే కాలపు ఇటలీని అర్థం చేసుకోవడానికి ఈ చిక్కుముడి విప్పడం కంటే మంచి దారి నాకు కనిపించలేదు.

ముందు నేపథ్యం. ఉత్తర ఇటలీ పేరుకి జర్మన్ చక్రవర్తుల కింద ఉండేది. 1176లో లెన్యానో దగ్గర లొంబార్డీ నగరాలు కలిసి చక్రవర్తి ఫ్రెడరిక్ బార్బరోసాని ఓడించాయి. 1183లో కాన్‌స్టాన్స్ ఒప్పందంతో తమ వ్యవహారాలు తామే చూసుకునే హక్కు సంపాదించాయి. 1250లో రెండో ఫ్రెడరిక్ చనిపోయాక చక్రవర్తి అధికారం ఆ ప్రాంతంలో నామమాత్రమైపోయింది. రెండో పెద్దదిక్కు పోప్. ఆ పోప్‌లు 1309లో ఫ్రాన్స్ వైపు ఆవిన్యోన్‌కి మకాం మార్చి 1377 దాకా అక్కడే ఉండిపోయారు. తిరిగొచ్చిన మరుసటి ఏడే ఒక పోప్‌కి ఇద్దరు పోప్‌లయ్యారు. ఆ చీలిక 1417 దాకా తెగలేదు. పైన అదుపు చేసేవాడు లేకపోవడంతో ఒక్కో నగరం ఒక్కో దేశమైంది.

అలాంటి నగరాల్లో చాలావాటికి స్వపరిపాలన ఎక్కువ కాలం నిలవలేదు. కుటుంబాల మధ్య కత్తులు దూసుకునే గొడవలు ముదిరి, చివరికి ఎవరో ఒక దొర చేతికి ఊరి తాళాలు వెళ్లేవి. మిలాన్‌లో విస్కోంతీలు అలాగే వచ్చారు. వాళ్లలో జాన్ గలియాజో 1395లో జర్మన్ రాజు వెన్సెస్లాస్‌కి లక్ష ఫ్లోరిన్లు (ఫ్లోరెన్స్ బంగారు నాణేలు) ఇచ్చి డ్యూక్ బిరుదు కొనుక్కున్నాడు. వెనిస్ దారి వేరు. 1297లో మహాసభ తలుపులు దాదాపుగా మూసేసి, లోపలున్న కుటుంబాల వారసులకే పాలనని పరిమితం చేసింది. ఫ్లోరెన్స్ ఈ రెండూ కాకుండా మూడో దారి పట్టింది.

1293లో ఫ్లోరెన్స్ వర్తకులు, చేతివృత్తులవాళ్లు కలిసి న్యాయ శాసనాలు తెచ్చారు. బలగంతో, కోటల్లాంటి ఇళ్లతో వీధుల్లో దౌర్జన్యం చేసే పెద్ద వంశాల జాబితా తయారుచేసి, వాళ్లు ఉన్నత పదవులకి అనర్హులన్నారు. పదవి కావాలంటే ఏదో ఒక వృత్తి సంఘంలో సభ్యుడై ఉండాలి. అలాంటి సంఘాలు 21. వాటిలో ఏడు పెద్దవి: విదేశీ బట్టల వ్యాపారులు, ఉన్ని బట్టలు తయారుచేయించేవాళ్లు, షరాబులు, పట్టు వ్యాపారులు, న్యాయవాదులు, వైద్యులు, బొచ్చుతోలు వర్తకులు. మిగతా 14 చిన్నవి: కసాయివాళ్లు, కమ్మరులు, చెప్పులు కుట్టేవాళ్లు, రొట్టెలు కాల్చేవాళ్లు వగైరా. కవి దాంతే కూడా రాజకీయాల్లోకి రావడానికి వైద్యుల సంఘంలో పేరు రాయించుకోవలసి వచ్చింది.

ప్రభుత్వాన్ని సిన్యోరియా అనేవారు. అందులో ప్రయర్లు అనే సభ్యులు ఎనిమిది మంది, వాళ్ల పైన న్యాయ పతాకధారి అనే అధ్యక్షుడు. రెండు నెలల పాటు ఆ తొమ్మిది మందీ ఇళ్లు వదిలి ప్రభుత్వ భవనంలోనే ఉండాలి. అక్కడే తిని, అక్కడే పడుకోవాలి. ఇంటికి వెళితే బంధువులు చెవిలో ఊదుతారని భయం.

వీళ్లని ఎన్నుకునే పద్ధతే అసలు విషయం. కొన్నేళ్లకోసారి అర్హులైనవాళ్ల పేర్లన్నీ ఒక కమిటీ ముందుకు వస్తాయి. కమిటీ రహస్యంగా ఓటు వేసి, తగినన్ని ఓట్లు వచ్చినవాళ్ల పేర్లు చీటీల మీద రాయించి తోలు సంచుల్లో వేయిస్తుంది. ఆ సంచుల్ని సాంతా క్రోచే చర్చిలో సన్యాసుల దగ్గర పెట్టెలో భద్రపరుస్తారు. రెండు నెలలకోసారి పెట్టె తెరిచి చీటీలు తీస్తారు. ఎవరి పేరు వస్తే వాళ్లకి పదవి. తీరా చీటీ వచ్చాక ఆ మనిషి పన్ను బాకీ ఉన్నా, ఈమధ్యే అదే పదవి చేసినా, దగ్గర బంధువు ఇంకా పదవిలో ఉన్నా ఆ చీటీ పక్కన పడేసి ఇంకొకటి తీస్తారు. పదవి దక్కకపోయినా పేరు బయటికి రావడమే పెద్ద గౌరవం. ఫలానావాడి పేరు సంచిలోంచి వచ్చిందట అని ఊరంతా చెప్పుకునేది.

లాటరీ, రెండు నెలల గడువు, బంధువులపై నిషేధం, ఇల్లు వదిలి ఉండడం. ప్రతి నియమం వెనకా ఒకటే ఆలోచన: ఎవరినీ నమ్మకూడదు. నేరవిచారణ చేసే పొదెస్తా అనే అధికారిని అయితే పూర్తిగా వేరే ఊరి నుంచి జీతానికి తెచ్చుకునేవారు. పదవి దిగిపోయేటప్పుడు ఆయన లెక్కల మీద విచారణ జరిగేది.

ఈ ఏర్పాటులో నాకు రెండు లోపాలు కనిపిస్తాయి. రిపబ్లిక్ తర్వాతి కథంతా వాటిలోంచే వచ్చింది.

మొదటి లోపం, బయట మిగిలిపోయినవాళ్లు. ఫ్లోరెన్స్ సంపదకి ఉన్ని పరిశ్రమ మూలం. అందులో ఉన్ని కడిగేవాళ్లు, దువ్వేవాళ్లు, కొట్టి శుభ్రం చేసేవాళ్లు వేలల్లో ఉండేవారు. వాళ్లని చోంపీలు అనేవారు. వాళ్లకి సొంత సంఘం పెట్టుకునే హక్కు లేదు. సంఘం లేదు కాబట్టి పదవీ లేదు. పైగా ఉన్ని యజమానుల సంఘం తన సొంత అధికారిని పెట్టుకుని వాళ్లకి శిక్షలు వేసేది. పని ఇచ్చేవాడూ వాడే, తీర్పు చెప్పేవాడూ వాడే.

1378 వేసవిలో వాళ్లు తిరగబడ్డారు. జూలై 22న ప్రభుత్వ భవనం పట్టుకుని, మికేలే ది లాందో అనే ఉన్ని దువ్వేవాణ్ణి న్యాయ పతాకధారిగా నిలబెట్టారు. వాళ్లు అడిగినవి చూస్తే గుండె బరువెక్కుతుంది. మాకూ ఒక సంఘం ఉండాలి. ఉన్ని సంఘం అధికారి మా మీద ఉండకూడదు. చిన్న అప్పులకి మమ్మల్ని కొన్నాళ్లు పట్టుకోవద్దు. నగరం తన అప్పు మీద ధనవంతులకి వడ్డీలు కట్టడం ఆపి అసలు తీర్చెయ్యాలి. నగరాన్ని పడగొట్టాలని వాళ్లలో ఎవరూ అడగలేదు, అందులోకి రానివ్వమన్నారు. కొత్తగా మూడు సంఘాలు పుట్టాయి. ఆరు వారాలు తిరగకుండానే, ఆగస్టు 31న, వాళ్లలో అందరికంటే పేదవాళ్ల సంఘాన్ని మిగతా సంఘాలు కలిసి నెత్తురు కార్చి అణిచేశాయి. ఆ పక్షాన మికేలే ది లాందో కూడా ఉన్నాడు. మిగిలిన రెండు కొత్త సంఘాలూ 1382లో పోయాయి. కొన్నేళ్లకి ఎనిమిది మంది ప్రయర్లలో చిన్న సంఘాల వాటా ఇద్దరికి కుదించుకుపోయింది.

ఆ తర్వాత కింది జనం అంత పెద్ద ఎత్తున మళ్లీ లేవలేదు. పెద్ద కుటుంబాలకి మాత్రం ఆ వేసవి తాలూకు భయం పోలేదు. కింది నుంచి ఇంకో చోంపీ తిరుగుబాటు రాకుండా ఎవరు కాపాడితే వాళ్లకి లొంగి ఉండడానికి వాళ్లు మానసికంగా సిద్ధపడిపోయారు. 1382 నుంచి ఆల్బిజ్జీ కుటుంబం ముందుండి నడిపిన వర్గ పాలన దీని మీదే నిలబడింది. సంచుల్ని తమకి అనుకూలంగా నింపుకోవడం మొదలుపెట్టింది కూడా ఆ వర్గమే. మెడిచీలు తర్వాత దాన్ని శాస్త్రంలా సాధన చేశారు.

రెండో లోపం డబ్బు. నగరానికి సొంత సైన్యం లేదు. యుద్ధమంటే కిరాయి సేనాపతులతో ఒప్పందం. జాన్ హాక్‌వుడ్ అనే ఇంగ్లీషువాడు ఏళ్ల తరబడి ఫ్లోరెన్స్ జీతం మీద ఉన్నాడు. వాళ్లకి జీతం ఆగితే ఎదుటి పక్షానికి వెళ్లిపోతారు, లేదా పల్లెల్ని దోచుకుంటారు. మిలాన్ డ్యూక్ 1402లో జబ్బుపడి చనిపోకపోతే ఫ్లోరెన్స్ బతికేది కాదని అప్పటివాళ్లే అనుకున్నారు. 1406లో పీసా ఓడరేవు నగరాన్ని గెలుచుకున్నారు, 1421లో జెనోవా నుంచి లివోర్నో కొన్నారు. 1423 తర్వాత మిలాన్‌తో మళ్లీ యుద్ధం. ఈ ఖర్చుకి నగరం తన పౌరుల దగ్గరే బలవంతపు అప్పులు తీసుకునేది. 1345లో ఆ బాకీలన్నీ కలిపి ఒక ప్రభుత్వ రుణ నిధిగా మార్చి, ఏటా వడ్డీ కట్టే ఏర్పాటు చేసింది. అప్పులిచ్చిన ధనవంతులు వడ్డీ కోసం ప్రభుత్వం నిలబడాలని కోరుకునేవాళ్లు. కట్టలేని మధ్యతరగతి వాళ్లు తమ రుణపత్రాల్ని సగానికీ పావుకీ అమ్ముకునేవాళ్లు.

1427కి పరిస్థితి బిగుసుకుంది. అప్పుడు ఫ్లోరెన్స్ చేసిన పనిని నేను మధ్యయుగంలోని గొప్ప పాలనా ప్రయత్నాల్లో ఒకటిగా లెక్కేస్తాను. కతాస్తో పేరుతో దాదాపు 60 వేల కుటుంబాల ఆస్తిపాస్తుల లెక్క రాయించింది. నగరంలోనే కాదు, దాని కింద ఉన్న ఊళ్లూ పల్లెలూ అన్నిటా. ప్రతి ఇంటి యజమానీ పొలాలు, దుకాణాలు, రుణపత్రాలు, రావలసిన బాకీలు, ఇవ్వవలసిన బాకీలు, ఇంట్లో ఉన్న మనుషులు, వాళ్ల వయసులు అన్నీ రాసి ఇవ్వాలి. ఉండే ఇంటికి పన్ను లేదు. నగరవాసికి ఇంట్లో తినే ఒక్కో నోటికీ 200 ఫ్లోరిన్లు మినహాయింపు. మిగిలినదాని మీద అర శాతం.

ఆ దస్తావేజులు ఈనాటికీ ఉన్నాయి. వాటిని లెక్కగట్టినవాళ్లు తేల్చిన విషయం ఇది: ఆ రాజ్యం జనాభాలో ఏడో వంతు మాత్రమే ఫ్లోరెన్స్ నగరంలో ఉంటే, సంపదలో మూడింట రెండు వంతులు అక్కడే ఉంది. నగరం లోపల కూడా పైనున్న ఒక శాతం ఇళ్ల దగ్గరే నగర సంపదలో పావు వంతుకి పైగా ఉంది. పీసా, అరెత్సో లాంటి ఊళ్లకి ప్రభుత్వంలో ఒక్క సీటూ లేదు. 1348 ప్లేగుకి ముందు లక్షకి దగ్గరగా ఉన్న నగర జనాభా 1427 నాటికి 40 వేల లోపుకి పడిపోయింది. రిపబ్లిక్ అని మనం అంటున్నది ఆ కొద్దిమందిలో, మళ్లీ సంఘాల్లో చేరి, పన్నులు బాకీ లేని మగవాళ్లది.

కతాస్తో జాబితాలో అందరికంటే ధనవంతుడు పాల్లా స్ట్రోజ్జీ. ఆయన తర్వాతి వరసలోనే జొవాన్నీ మెడిచీ, అంటే కోసిమో తండ్రి. ఆయన 1397లో బ్యాంకు పెట్టాడు. పోప్‌ల ఖజానా లావాదేవీలు ఆ బ్యాంకు చేతికి వచ్చాయి. యూరప్ నలుమూలల నుంచి చర్చికి చేరే సొమ్ము వాళ్ల చేతుల మీదుగా కదిలేది. రెండు నెలలకి మారిపోయే ప్రభుత్వానికి అత్యవసరంగా సొమ్ము కావాలంటే, ఎప్పటికీ మారని ఆ తలుపే తట్టాలి. నాకు ఈ కథ మొత్తంలో కీలకం ఇదే అనిపిస్తుంది. ఏ మనిషినీ ఎక్కువ రోజులు కుర్చీలో ఉండనివ్వని రాజ్యాంగంలో, స్థిరంగా ఉండేవి కుర్చీకి బయటే ఉంటాయి. కుటుంబం బయట ఉంటుంది. అప్పు ఇచ్చే శక్తి కూడా బయటే ఉంటుంది.

1429లో లూకా నగరం మీద మొదలుపెట్టిన యుద్ధం బెడిసికొట్టింది. తప్పు ఎవరిదన్న గొడవలో 1433 సెప్టెంబరులో రినాల్డో ఆల్బిజ్జీ వర్గం కోసిమోని ప్రభుత్వ భవనం గోపురంలోని గదిలో బంధించింది. చంపెయ్యాలన్న మాట కూడా వచ్చింది. చివరికి బహిష్కరణతో సరిపెట్టారు. కోసిమో పాదువాకి, అక్కణ్ణుంచి వెనిస్‌కి వెళ్లి ఒక ప్రభువులా బతికాడు. ఇక్కడ ఫ్లోరెన్స్‌కి అప్పు పుట్టలేదు. ఏడాది తిరిగేసరికి, 1434 ఆగస్టు చివర, సంచిలోంచి వచ్చిన పేర్లు మెడిచీ వైపువాళ్లవి. సంచుల్ని పూర్తిగా తమ వాళ్లతో నింపుకోవడం ఆల్బిజ్జీ వర్గానికి చేతకాలేదు. రినాల్డో ఆయుధాలతో వీధిలోకి వచ్చాడు కానీ, ఆ సమయంలో నగరంలోనే తలదాచుకుంటున్న పోప్ నాలుగో యూజీనియస్ మధ్యవర్తిగా నిలిచి ఆయన్ని చల్లబరిచాడు. అక్టోబరులో కోసిమో తిరిగొచ్చాడు. రినాల్డో వెళ్లిపోయాడు, తిరిగి రాలేదు. పాల్లా స్ట్రోజ్జీని కూడా వెళ్లగొట్టారు, ఆయన పాదువాలో చనిపోయాడు.

(ఆ పోప్ ఏళ్ల తరబడి ఫ్లోరెన్స్‌లో ఉండడం వల్ల మనకి ఒక మేలు జరిగింది. విజయనగరం చూసివచ్చిన వెనిస్ వర్తకుడు నికోలో కాంటి తన ప్రయాణాల్ని చెప్పింది పోప్ కార్యదర్శి పోజ్జో బ్రాచ్చొలీనీకే. విని రాసుకున్న ఆ పోజ్జో తర్వాత 1453లో ఫ్లోరెన్స్ ప్రభుత్వానికే ప్రధాన కార్యదర్శి అయ్యాడు.)

కోసిమో రాజ్యాంగాన్ని ముట్టుకోలేదు. సంచుల్లో చీటీలు వేసే అధికారులు కొందరు ఉండేవారు, అకొప్పియాతోరి అని. మామూలుగా వాళ్ల పని గుమస్తా పని. 1434 తర్వాత వాళ్లకి ప్రత్యేక అధికారం ఇచ్చారు: వందల పేర్లు ఉండవలసిన సంచిలో, ఈసారి ఎవరు రావాలో వాళ్ల పేర్లు కొన్ని మాత్రమే వేయవచ్చు. చీటీ తీయడం యథావిధిగా జరుగుతుంది. ఏ చీటీ వచ్చినా నమ్మకస్తుడే. ఈ అధికారం తాత్కాలికమన్నారు. గడువు దగ్గర పడినప్పుడల్లా పొడిగించారు. పౌరులకి గౌరవం దక్కకుండా పోలేదు. పదవికి వయసు చాలని కుర్రాళ్ల పేర్లు, అప్పటికి అనర్హులైనవాళ్ల పేర్లు కూడా సంచుల్లో వేసి, అవి బయటికి వచ్చేలా చేసేవారు. పదవి రాదు, పేరు మాత్రం నలుగురూ వింటారు. చాలా కుటుంబాలు దానికే సంతోషించాయి.

లొంగనివాళ్లకి పన్ను ఉండనే ఉంది. ఎవరికి ఎంత పన్ను వేయాలో నిర్ణయించే కమిటీలు మనవాళ్లవే అయితే చాలు. నగరానికి ఎన్నోసార్లు రాయబారిగా వెళ్లిన పండితుడు జన్నోజ్జో మనెత్తీ పన్నుల దెబ్బకి 1453లో ఊరు విడిచిపోయాడు.

ఇదంతా పైనుంచి రుద్దిన పెత్తనమే అనుకుంటే సగమే అర్థమవుతుంది. ఫ్లోరెన్స్ మనిషి బతికేది బంధువులు, స్నేహితులు, వీధిలోవాళ్ల మధ్య. కొడుక్కి ఉద్యోగం, కోర్టులో కేసు, పన్ను తగ్గింపు, కూతురి పెళ్లి, ఏది కావాలన్నా ఎవరో ఒకరి మాటసాయం ఉండాలి. మీరు నాకు తండ్రితో సమానం అంటూ మెడిచీలకి వచ్చిన ఉత్తరాలు కట్టలకొద్దీ ఉన్నాయి.

అలెస్సాంద్రా స్ట్రోజ్జీ రాసిన ఉత్తరాల్లో ఈ లోకం ఒక ఇంటి స్థాయిలో కనిపిస్తుంది. 1434లో ఆమె భర్తని వెళ్లగొట్టారు, మరుసటి ఏడాదే ఆయన పోయాడు. తర్వాత కొడుకుల మీదా బహిష్కరణ పడింది. 1447లో కూతురు కాతెరీనాకి పట్టు వ్యాపారి మార్కో పరెంతీతో సంబంధం కుదిరింది. కట్నం వెయ్యి ఫ్లోరిన్లు. ఇంకా పెద్ద కుటుంబంలో ఇవ్వాలంటే 1,400 నుంచి 1,500 కావాలని, అంత తమ వల్ల కాదని కొడుక్కి రాసింది. ఆ కట్నంలో సగం దాకా ప్రభుత్వ కట్నాల నిధి నుంచి రావాలి. 1425లో పెట్టిన ఆ నిధిలో, ఆడపిల్ల చిన్నగా ఉన్నప్పుడు తండ్రి కొంత సొమ్ము వేస్తే పెళ్లినాటికి పెరిగి వచ్చేది. ఆ సొమ్ముని ప్రభుత్వం వాడుకునేది యుద్ధాలకీ అప్పులకీ. ఈ లెక్కన ప్రభుత్వం దివాలా తీస్తే ఎన్నో ఇళ్లలో పెళ్లిళ్లు ఆగిపోతాయి. తనకి నచ్చని ప్రభుత్వమైనా నిలబడాలని తండ్రులు కోరుకోవడానికి ఇంతకంటే కారణం ఏం కావాలి? అలెస్సాంద్రా కొడుకు ఫిలిప్పో నేపుల్స్‌లో బ్యాంకరుగా సంపాదించి, మెడిచీల మనసు గెలుచుకుని, 1466లో గానీ ఇంటికి రాలేకపోయాడు.

ప్రతిఘటన లేకపోలేదు. అది ఎప్పుడు వచ్చినా సంచుల గురించే వచ్చింది. 1455లో పౌరులు ఒత్తిడి తెచ్చి నిజమైన లాటరీని తిరిగి తెచ్చుకున్నారు. 1458లో మెడిచీ పక్షంవాళ్లు గంట కొట్టి జనాన్ని కూడలికి పిలిచి, చుట్టూ సైనికుల్ని నిలబెట్టి ఆమోదం అడిగారు. లాటరీ పోయింది, వందమంది సభ అనే కొత్త సభ వచ్చింది. 1464లో కోసిమో చనిపోయాక మళ్లీ లాటరీ వచ్చింది. 1466లో సుమారు 400 మంది పౌరులు దాన్ని కాపాడుకుంటామని సంతకాలు చేశారు. వాళ్లలో మెడిచీ కుటుంబం మనిషే ఒకడున్నాడు. అదే ఏడాది ఆ ప్రయత్నమూ ఓడిపోయింది. దాదాపు ముప్పై ఏళ్ల పెత్తనం తర్వాత కూడా నాలుగు వందల మంది పేరు బయటపెట్టి సంతకం చేశారంటే, ఫ్లోరెన్స్ జనం స్వేచ్ఛని మరిచిపోయారన్న మాట నేను ఒప్పుకోను.

బయటి పరిస్థితి కూడా మెడిచీలకి కలిసొచ్చింది. 1450లో కిరాయి సేనాపతి ఫ్రాంచెస్కో స్ఫోర్జా కోసిమో డబ్బు సాయంతో మిలాన్ డ్యూక్ అయ్యాడు. 1454లో లోదీ ఒప్పందం కుదిరి మిలాన్, వెనిస్, ఫ్లోరెన్స్, నేపుల్స్, పోప్ రాజ్యం ఒకదాన్నొకటి మింగకుండా నలభై ఏళ్లు నెట్టుకొచ్చాయి. చిన్న చిన్న యుద్ధాలు జరిగినా మొత్తం మీద తూకం చెడలేదు. అయితే ఆ తూకం నగరాల మధ్య కంటే పాలించే కుటుంబాల మధ్య నడిచింది. మిలాన్ డ్యూక్‌తో మాట్లాడాలంటే రెండు నెలల ప్రయర్ కంటే కోసిమో నయం. అవసరమైతే మిలాన్ సైనికులు ఆయన కోసం వస్తారన్న సంగతి ఫ్లోరెన్స్‌లో అందరికీ తెలుసు.

1478 ఏప్రిల్ 26న ప్రధాన చర్చిలో పూజ జరుగుతుండగా పాజ్జీ కుటుంబం మనుషులు జులియానో మెడిచీని పొడిచి చంపారు. అన్న లోరెంజో గాయంతో బయటపడ్డాడు. కుట్రదారులు వీధుల్లో స్వేచ్ఛ కోసం లేవండని అరిస్తే జనం లేవలేదు. కుట్రలో ఉన్న పీసా ఆర్చ్‌బిషప్‌ని అదే రోజు ప్రభుత్వ భవనం కిటికీకి ఉరితీశారు. కుట్ర వెనక పోప్ నాలుగో సిక్స్‌టస్ అండ ఉంది కాబట్టి యుద్ధమూ వచ్చింది. అది ముగిశాక, 1480లో, లోరెంజో డెబ్బైమంది సభని పెట్టాడు. సిన్యోరియా ఎంపిక, కీలక నిర్ణయాలు అన్నీ ఆ సభ చేతికి వెళ్లాయి.

1494లో ఫ్రాన్స్ రాజు ఎనిమిదో చార్లెస్ సైన్యంతో దిగినప్పుడు లోరెంజో కొడుకు పియెరో ఎవరినీ అడక్కుండా కోటలు అప్పగించాడు. నవంబరు 9న జనం అతన్ని తరిమేశారు. వెంటనే వందమంది సభనీ డెబ్బైమంది సభనీ రద్దు చేసి, డిసెంబరులో మూడు వేల మందికి పైగా పౌరులకి చోటున్న మహాసభని ఏర్పాటు చేశారు. దాని వెనక సన్యాసి సవొనరోలా ప్రసంగాల బలం ఉంది. ఆయన్ని 1498లో చంపేశాక కూడా ఆ సభ నిలిచింది. ఫ్లోరెన్స్ చరిత్రలో అంత విశాలంగా పాలన పంచుకున్న రోజులు తక్కువ. అందులో కూడా ఉన్ని దువ్వేవాళ్లు లేరు, పీసావాళ్లు లేరు. పీసా అయితే ఆ ఏడే తిరగబడి స్వతంత్రమైంది. దాన్ని మళ్లీ లొంగదీయడానికి రిపబ్లిక్ 1509 దాకా తన సొమ్మూ మనుషుల్నీ ధారపోసింది.

1512లో స్పెయిన్ సైన్యం అండతో మెడిచీలు తిరిగొచ్చి మహాసభని రద్దు చేశారు. 1527లో వాళ్లని మళ్లీ వెళ్లగొట్టిన నగరం, చక్రవర్తి ఐదో చార్లెస్ సైన్యం ముట్టడికి పది నెలలు ఆకలితో నిలబడి 1530 ఆగస్టులో లొంగిపోయింది. 1532లో అలెస్సాంద్రో మెడిచీ డ్యూక్ అయ్యాడు. కోసిమో, లోరెంజో ఎన్నడూ ముట్టని సిన్యోరియాని అప్పుడు చట్టప్రకారం రద్దు చేశారు.